గోడకు ఆవలి తెలుగు: బెంగళూరులో కుల, ఆర్థిక అంతరాలను తగ్గించే పనికి సమగ్ర మార్గదర్శి

బెంగళూరు తూర్పు అంచున, అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన ఖాళీ జాగాల్లో, నీలం రేకుల షెడ్లు కనిపిస్తాయి. వాటిలో ఆదోని, కోసిగి, కదిరి, మడకశిర వైపు నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు చాలా ఉంటాయి. గోడకు ఇవతల కూడా తెలుగే మాట్లాడే ఉద్యోగులు ఉంటారు. నగరం వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల బస్తీల్లోనూ తెలుగు వినబడుతుంది. భాష ఒక్కటే అయినా కూలి, చదువు, మర్యాద ఒక్కటి కాలేదు.

"మేము ఏమి చేయగలం, సరిగ్గా ఎలా చేయాలి?" అని అడిగేవారి కోసం ఈ క్రమాన్ని రాస్తున్నాను. మా బృందం మొదటి ఏడాది దుప్పట్లు, బడి సంచులు పంచింది. నాలుగు నెలలకు పని అయిపోయి షెడ్లు లేచిపోయాయి. పిల్లలు సంచులతో సహా మరో చోటికి వెళ్లారు కానీ ఏ బడిలోనూ చేరలేదు. వారికి న్యాయంగా రావలసినది వారి చేతికి చేరేలా చూడడమే అసలు పని అని ఆ తర్వాతే మాకు అర్థమైంది. కింద రాసినదంతా ఆ దృష్టితోనే చదవండి.

1. బృందం, సమయం, పుస్తకం

ఐదారుగురు చాలు. వారిలో కన్నడం ధారాళంగా మాట్లాడేవారు ఒకరు, ఆఫీసు పని వేళల్లో సెలవు పెట్టగలిగేవారు ఒకరు, స్త్రీలు కనీసం ఇద్దరు ఉండాలి. వారానికి మూడు గంటలు, ఆరు నెలల పాటు ఇవ్వగలమన్న మాట ముందే తీసుకోండి. నెల తర్వాత మాయమయ్యేవారి వల్ల కలిగే నష్టం పెద్దది, ఎందుకంటే ఆ తర్వాత వచ్చేవారిని ఎవరూ నమ్మరు.

- గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి. ఫోనులో నమోదు వద్దు. ఎదుటివారు చూడలేని చోట తమ వివరాలు రాసుకుంటే అనుమానపడతారు.
- దగ్గరలోని రేషన్ దుకాణం, అంగన్‌వాడీ, ప్రభుత్వ పాఠశాల, ఆధార్ కేంద్రం, బ్యాంకు శాఖ, వాటి వేళలు రాసిన ఒక కాగితం.
- మేస్త్రీతో ముందుగా ఒక మాట. అతనికి చెప్పకుండా షెడ్లలోకి వెళితే ఆ కోపం కూలీల మీద తీరుతుంది.

2. మొదటి మూడు వారాలు వినడానికే

ఆదివారం ఉదయం వెళ్లండి. శనివారం సాయంత్రం కూలి బట్వాడా జరిగి ఉంటుంది, బట్టలు ఉతుకుతూ, తలంట్లు పోస్తూ కొంత తీరికగా ఉంటారు. మధ్యాహ్నానికి సంతకు వెళ్లిపోతారు కనుక పదిన్నర దాటనివ్వకండి.

అడిగే వరుస ముఖ్యం. మొదట పిల్లల గురించి, తర్వాత ఆరోగ్యం గురించి, ఆ తర్వాత కాగితాల గురించి, చివరికి కూలి గురించి అడగాలి. కులం అడగవద్దు. కులధ్రువీకరణ పత్రం అవసరమయ్యే పని వచ్చినప్పుడు వారే చెబుతారు. పెద్దవారిని "అమ్మా", "పెద్దాయనా", "అన్నా" అని పిలవండి, "మీరు" అనండి. మన ఇళ్లలో పనిచేసేవారిని వయసు చూడకుండా ఏకవచనంతో పిలిచే అలవాటు మనకు తెలియకుండానే అక్కడికీ వెంట వస్తుంది, దాన్ని గేటు దగ్గరే వదిలేయాలి.

తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు:
- ఫొటోలు తీయడం. ఆరు నెలల వరకు ఒక్కటి కూడా తీయకండి.
- "మీ రేషన్ కార్డు మేం చూసుకుంటాం" అని మాట ఇచ్చేయడం. దానికి బదులు "వచ్చే ఆదివారం వచ్చి ఎంతవరకు వచ్చిందో చెబుతాం" అనండి. పని కాకపోయినా ఆ ఆదివారం వెళ్లి తీరండి.
- మగవారితో మాత్రమే మాట్లాడడం. కాగితాలు దాచేది సాధారణంగా స్త్రీలే. ఒకామె బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ సంచి లోపల మరో సంచిలో, తన ఆధార్, బిడ్డ టీకాల కార్డు, చనిపోయిన భర్త ఓటరు కార్డు భద్రంగా చుట్టి ఉంచింది. ఏ కాగితం దేనికి పనికొస్తుందో ఆమెకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

3. ముందు మన గేటు లోపల సరిచేసుకోవాలి

ఈ మెట్టును దాటవేయాలని అందరికీ అనిపిస్తుంది, కానీ దాటకూడదు. ఇంటిపని చేసే ఆమెకు గుక్కెడు నీళ్లకు వేరే గ్లాసు పెట్టే ఇంటివారు షెడ్లలో సమానత్వం గురించి మాట్లాడితే, ఆ గ్లాసు సంగతి గంటలోపే ఊరంతా తెలుస్తుంది. పనివారు ఒకరితో ఒకరు అన్నీ చెప్పుకుంటారు.

ఇంటిపని. ఇంటి పనివారికి కనీస వేతనం ప్రకటించిన తొలి రాష్ట్రం కర్ణాటకే, 2004లో. ఆ రేటు ఎప్పటికప్పుడు మారుతుంది కనుక తాజా ఉత్తర్వు చూసి, మీరిచ్చే జీతాన్ని గంటల లెక్కన విడదీయండి. రోజుకు రెండు గంటలు, నెలకు 26 రోజులు అంటే 52 గంటలు. నెల జీతాన్ని 52తో భాగించి వచ్చిన సంఖ్యను ఇంట్లో అందరి ముందూ బయటికి చదవండి. తక్కువైతే ఆ నెల నుంచే పెంచండి, పండగ వరకు ఆగవద్దు.

- నెలకు నాలుగు రోజుల సెలవు, జీతం కోత లేకుండా.
- జ్వరం వచ్చిన రోజులకు కోత ఉండకూడదు.
- తాగునీరు, కాఫీ మీరు తాగే గ్లాసుల్లోనే ఇవ్వాలి.
- మరుగుదొడ్డి వాడుకోనివ్వాలి. రోజూ ఐదారు ఇళ్లలో పనిచేసే స్త్రీకి ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు వెళ్లే చోటు లేక నీళ్లు తాగడమే మానేస్తే మూత్ర సమస్యలు వస్తాయి.
- లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఇంటి పనివారికీ వర్తిస్తుందని, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని వారికి చెప్పాలి.

లిఫ్టు. "పనివారు సర్వీసు లిఫ్టు మాత్రమే వాడాలి" అన్న బోర్డు ఉంటే, దాన్ని తీసేయాలన్న తీర్మానాన్ని అపార్ట్‌మెంట్ సంఘం సర్వసభ్య సమావేశంలో పెట్టండి. సరుకుల కోసమే ఆ నియమం అని ఎవరైనా వాదిస్తే, "బరువైన సామాను సర్వీసు లిఫ్టులోనే తీసుకెళ్లాలి" అని అందరికీ వర్తించేలా బోర్డు రాయించమనండి. వాదన అక్కడితో ముగుస్తుంది.

కాంట్రాక్టు సిబ్బంది. హౌస్‌కీపింగ్, వాచ్‌మన్ ఏజెన్సీకి సంఘం ఇచ్చే డబ్బు కార్మికుల చేతికి ఎంత చేరుతోందో చూడడం అన్నిటికంటే ఫలితమిచ్చే పని. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) వర్తిస్తుంది. 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థకు పీఎఫ్ (భవిష్య నిధి) వర్తిస్తుంది. జీతం 16,000 అనుకుంటే, ఈఎస్ఐకి ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 120 రూపాయలు. యాజమాన్యం వాటా 3.25 శాతం, అంటే 520 రూపాయలు. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద లెక్కిస్తే 12 శాతం చొప్పున ఉద్యోగి, యాజమాన్యం చెరి 1,800.

ఒక అపార్ట్‌మెంట్‌లో ఈ రెండు వాటాలనూ బిల్లులో మూడేళ్లుగా వసూలు చేసిన ఏజెన్సీ, సగం మందికి ఈఎస్ఐ నంబరే తీయలేదు. అది బయటపడింది ఒక హౌస్‌కీపింగ్ ఆమెకు కాన్పు దగ్గరపడి, ఈఎస్ఐ ఆసుపత్రికి వెళితే పేరు లేదన్న రోజున. కాబట్టి కాంట్రాక్టులో ఈ షరతులు రాయించండి:

- ప్రతి నెలా ఒక్కొక్కరి పది అంకెల ఈఎస్ఐ నంబరు, 12 అంకెల యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ) నంబరుతో చెల్లింపు రసీదు ఇస్తేనే తర్వాతి నెల బిల్లు చెల్లిస్తాం.
- జీతం ఏడో తేదీలోపు బ్యాంకు ఖాతాలోనే పడాలి.
- మూడు నెలలకు ఒకసారి సంఘం ప్రతినిధి సిబ్బందితో, ఏజెన్సీ సూపర్‌వైజర్ లేకుండా, మాట్లాడతారు.

మురుగు ట్యాంకు. నేను చేతులు జోడించి చెబుతున్నాను, మురుగునీటి శుద్ధి ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి ఏ మనిషినీ దింపవద్దు. పాకీపనిని రద్దు చేసిన 2013 నాటి చట్టం దీన్ని నిషేధించింది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పనికి పిలిచేది ఎప్పుడూ ఏ కులాల వారినో మనందరికీ తెలుసు. "ఐదు నిమిషాల పనే" అన్న మాట వినబడితే పంపు ఆపించి, యంత్రం ఉన్నవారిని పిలిపించండి. ఆ రోజు రాత్రంతా నీళ్లు రాకపోయినా సరే.

4. కాగితాల వరుస తప్పకూడదు

వరుస తప్పితే ఒక్కో కాగితానికి మూడేసిసార్లు తిరగాలి, తిరిగిన ప్రతి రోజూ ఒక కూలి పోతుంది. ఒక రోజు కూలి పోయిందంటే ఆ వారం అప్పు చేసినట్టే.

మొదట ఆధార్. వాడుకలో ఉన్న మొబైల్ నంబరు దానికి జతయి ఉందో లేదో చూడండి. సిమ్ములు మారుస్తూ ఉంటారు కనుక చాలామందికి ఉండదు. ఓటీపీ రాని ఆధార్‌తో తర్వాతి పనులేవీ సాగవు.

రెండు, బ్యాంకు ఖాతా. జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు. ఖాతా తెరిచిన రోజే రెండు బీమా ఫారాలు నింపించండి: ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా, 18 నుంచి 70 ఏళ్ల వారికి, 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా, 18 నుంచి 50 ఏళ్ల వారికి. వీటి ఏడాది జూన్ 1న మొదలవుతుంది. మే నెలాఖరులో ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా పోతుంది కనుక మే మూడో ఆదివారం షెడ్లకు వెళ్లి గుర్తుచేయండి. సెంట్రింగ్ పనివారికి ఈ 20 రూపాయల బీమా ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

మూడు, రేషన్. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డు అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్డుతోనే బెంగళూరు న్యాయబెలె అంగడిలో (రేషన్ దుకాణంలో) కేంద్రం ఇచ్చే ధాన్యం తీసుకోవచ్చు. ఊళ్లో మిగిలిన ముసలివారు తమ వాటా అక్కడ తీసుకుంటే, వలస వచ్చినవారు తమ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు ఈ సౌకర్యం లేదు, కర్ణాటక అదనంగా ఇచ్చేది వీరికి రాదు. ఇవి ముందే చెప్పకపోతే దుకాణం దగ్గర గొడవ అవుతుంది. సందేహాలకు 14445.

ఇక్కడ వచ్చే అసలు చిక్కు వేలిముద్ర. సిమెంటు కలిపే చేతుల్లో గీతలు అరిగిపోతాయి. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె యంత్రం మీద పదివేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది, ప్రతిసారీ ఎర్ర దీపమే వెలిగింది. వెనక వరుసలో ఉన్నవారు విసుక్కుంటుంటే ఆమె తప్పు చేసినదానిలా చేతులు కొంగు కిందికి దాచుకుంది. కార్డులో పేరున్న కోడలు వచ్చి వేలు పెడితే ఒక్కసారికే పని అయింది. కాబట్టి కార్డులో ఉన్న వయసులో చిన్నవారిని వెంట తీసుకెళ్లండి. ముందు రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసుకోమనండి. అయినా కాకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాప మళ్లీ నమోదు చేయించండి.

నాలుగు, కేంద్రం నడిపే ఈ-శ్రమ్ కార్మికుల జాబితాలో నమోదు. 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులకు, రుసుము లేదు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవారికి వర్తించదు.

ఐదు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు ఏ రాష్ట్రం వారైనా ఇక్కడ నమోదు కావచ్చు. పిల్లల చదువు సాయం, కాన్పు సాయం, ప్రమాద పరిహారం ఈ కార్డు మీదే వస్తాయి. ఆ నిధి దానం కాదు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి కూడబెట్టినదే. మీరు ఫ్లాటు కొన్నప్పుడు చెల్లించిన ధరలో అది కూడా ఉంది.

90 రోజుల పని ధ్రువపత్రం దగ్గరే అందరూ ఆగిపోతారు. కాంట్రాక్టర్లు సంతకం పెట్టడానికి భయపడతారు. మీ భవనమే ఇంకా కడుతున్నట్లయితే, బిల్డర్‌ను కొనుగోలుదారులుగా మీరు అడగండి. కూలీ పదిసార్లు అడిగినా కదలని కాగితం కొనుగోలుదారుడు ఒక్కసారి అడిగితే కదులుతుంది. డబ్బు తీసుకుని కార్డులు చేయిస్తామనే దళారులను దగ్గరికి రానివ్వకండి.

5. కులధ్రువీకరణ పత్రం: ఎక్కువమంది పొరబడే చోటు

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీగా ఉన్నవారు ఉపాధి కోసం కర్ణాటకకు వస్తే, ఆ హోదా కర్ణాటక రాష్ట్ర రిజర్వేషన్లకు వర్తించదు. ఇది 1990లో సుప్రీంకోర్టు స్పష్టం చేసిన విషయం. అయితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, కేంద్ర విద్యాసంస్థలకు సొంత రాష్ట్రం పత్రంతోనే ఎస్సీగా దరఖాస్తు చేయవచ్చు.

కాబట్టి వలస కుటుంబాలు పత్రం కోసం ఇక్కడి నాడకచేరి (స్థానిక రెవెన్యూ కార్యాలయం) చుట్టూ తిరగడం కంటే, సంక్రాంతికో ఉగాదికో ఊరికి వెళ్లినప్పుడు గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేసుకోవడం మేలు. ప్రయాణానికి రెండు వారాల ముందే కాగితాల జాబితా వారి చేతికి ఇవ్వండి.

తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాల సంగతి వేరు. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన వారు వలసదారులు కారు. "ఆది ఆంధ్ర" కర్ణాటక ఎస్సీ జాబితాలోనే ఉంది. 1950కి ముందే ఇక్కడ స్థిరపడిన పెద్దల ఆధారం, తాతగారి ఉద్యోగ పుస్తకమో బడి రికార్డో, వెతికించండి. "మీరు ఆంధ్రావాళ్లు" అని కౌంటర్లో వెనక్కి పంపితే, ఆ మాటను రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి.

6. బడి

ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే కర్ణాటకలో బడులు మే చివర్లో, జూన్ మొదట్లో తెరుచుకుంటాయి. మధ్యలో వచ్చిన పిల్లలను కూడా చేర్చుకోవలసిందే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు పత్రం లేదనో, బదిలీ పత్రం రాలేదనో చేర్చుకోకుండా ఉండకూడదు; ఏ తరగతిలో చేర్చాలన్నది వయసును బట్టి నిర్ణయిస్తారు. ప్రైవేటు బడుల్లో ఆ చట్టం పేద పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్ల మీద ఎక్కువ ఆశ పెట్టకండి. దగ్గరలో ప్రభుత్వ బడి ఉన్న చోట ఆ సీట్లు ఇవ్వనక్కర్లేదని కర్ణాటక నిబంధన మార్చింది.

భాష అడ్డంకి మనం అనుకున్నంత పెద్దది కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వచ్చినవి. ఒక పేజీకి ఎడమ పక్క తెలుగు అక్షరాలు, కుడి పక్క కన్నడ అక్షరాలు రాసి గోడకు అంటించండి. మా షెడ్డు బడిలో మూడో తరగతి పిల్లవాడు రెండు వారాల్లో బస్సు బోర్డులు చదివి చూపించాడు. తెలుగే చదవడం రాని పిల్లలకు మాత్రం కనీసం ఆరు నెలలు రోజుకు గంట కేటాయించాలి.

- చిన్నపిల్లలు ఉంటే ముందు అంగన్‌వాడీ. చంటిబిడ్డ భారం తీరకపోతే పదేళ్ల అక్క బడికి వెళ్లదు.
- షెడ్డు నుంచి బడికి దారిలో పెద్ద రోడ్డు దాటాలా? దాటించే మనిషిని ముందే కుదర్చండి.
- కుటుంబం వెళ్లిపోయే రోజున హాజరు, మార్కుల నకలు వారి చేతికి ఇవ్వండి.

7. కూలి ఎగ్గొట్టినప్పుడు

ప్రతి షెడ్డులో ఒకరి చేత రోజువారీ హాజరు రాయించండి: తేదీ, పేరు, పని, ఇచ్చిన మొత్తం, మేస్త్రీ సంతకం లేదా ఫోను సందేశం. ఇది లేకుండా ఏ కేసూ నిలవదు. బకాయి రెండు వారాలు దాటితే మొదట బిల్డర్ కార్యాలయంలో మాట్లాడండి, తర్వాత బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనంలో లిఖిత ఫిర్యాదు ఇవ్వండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు న్యాయసేవల సంస్థ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, నంబరు 15100.

ఫిర్యాదు ఎవరి పేరున వెళ్లాలో కూలీలే నిర్ణయించాలి. మనకు కోపం వచ్చిందని వారి పేరు పెట్టేస్తే, మరునాడు పని పోయేది వారికి.

8. అవమానం జరిగినప్పుడు

అద్దెకు ఇల్లు చూపిస్తూ "మీదేం ఊరు, మీరేమిట్లు" అని కులం తెలుసుకోవడానికి తిప్పి తిప్పి అడగడం, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రవాణ్ణి "ఏ దేశం" అనడం, ఆఫ్రికా విద్యార్థి లిఫ్టు ఎక్కితే దిగిపోవడం, ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు. 2012 ఆగస్టులో ఫోను సందేశాల వదంతికి భయపడి ఈశాన్యం వారు వేల సంఖ్యలో ఈ నగరం విడిచి గౌహతి రైళ్లెక్కారు. ఇరుగుపొరుగువారు తలుపు తట్టి "మేమున్నాం" అన్న చోట్ల కొందరు ఆగారు. కాబట్టి సంఘం నియమావళిలో "కులం, మతం, ప్రాంతం, రూపం కారణంగా అద్దెకు నిరాకరించరాదు" అన్న వాక్యం చేర్పించండి.

కులం పేరుతో దూషణ, బహిష్కరణ, దాడి జరిగితే:
- అదే రోజు సాక్షుల పేర్లు, అన్న మాటలు యథాతథంగా రాయండి.
- ప్రాణభయం ఉంటే 112, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల జాతీయ సహాయ నంబరు 14566.
- 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా తీసుకోండి.
- రాజీ మాట బాధితులు ఎత్తితే తప్ప మీరు ఎత్తవద్దు. "పోనీలే అమ్మా" అని సర్దిచెప్పడం ఎంత ప్రేమతో చేసినా బాధితులను ఒంటరిని చేస్తుంది.

9. ఆరు నెలలకు చూసుకోవలసిన లెక్క

ఎంత పంచామన్నది రాయకండి. ఈ కింది వాటికి నోటుపుస్తకంలో పేరుపేరునా జవాబు ఉండాలి.

- ఎంతమంది పిల్లలు జూన్‌లో చేరి నవంబరులోనూ బడికి వెళుతున్నారు?
- ఎంతమందికి ఈఎస్ఐ నంబరు వచ్చింది, దానితో ఎవరైనా ఆసుపత్రికి వెళ్లగలిగారా?
- ఎన్ని ఇళ్లలో ఇంటిపని గంట రేటు పెరిగింది?
- ఆగిన కూలిలో ఎంత తిరిగి వచ్చింది?
- మనం వెళ్లని ఆదివారాల్లో కూడా షెడ్డులోని ఎవరైనా మరొకరికి ఫారం నింపిపెట్టారా?

చివరి ప్రశ్నకు జవాబు "అవును" అయితే, ఆ మనిషిని మీ బృందంలోకి పిలవండి. సమావేశం మీ క్లబ్‌హౌస్‌లో పెట్టి, వారు గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి నిలబడే పని లేకుండా, మీరే ఎదురెళ్లి లోపలికి తీసుకురండి.